ఏడువేల దగ్గర గొంతు

నాన్న పోయాక లేతు షాపు అన్నయ్యకూ నాకూ మిగిలింది. నర్సీపట్నం నుంచి బలిఘట్టం వెళ్లే రోడ్డు పక్కన రేకుల షెడ్డు. చెరకు గానుగల రోలర్లు, నీటి మోటార్ల షాఫ్టులు, అప్పుడప్పుడూ ట్రాక్టరు పనులు వచ్చేవి. నాన్న ఉండగానే నాకు లేతు మీద చేయి తిరిగింది. పెళ్లయినా రెండు వీధుల అవతలే కాపురం కాబట్టి, ఇంటిపని తెమల్చుకుని పది గంటలకల్లా షెడ్డులో ఉండేదాన్ని. ఆడమనిషి లేతు నడుపుతుంటే మొదట్లో జనం ఆగి చూసేవారు. తర్వాత మానేశారు.

తొంభైల చివర్లో అన్నయ్యకు ఇంజన్ పిచ్చి పట్టింది. విశాఖలో తుక్కు కింద అమ్మేస్తున్న పదమూడు వందల సీసీ కారు ఇంజన్ తెచ్చి, షెడ్డు వెనక ఇనుప చట్రానికి బిగించాడు. తయారుచేసినవాళ్లు దాన్ని నిమిషానికి ఆరువేల చుట్లకు సరిపెట్టారు. అన్నయ్య దాన్ని ఎనిమిదివేలు తిప్పుతానన్నాడు. అదీ టర్బోలూ గట్రా పెట్టి బలవంతంగా గాలి ఎక్కించి కాదు, తన గాలి తానే పీల్చుకుని తిరగాలి.

"గాలి ఎంత బేగి లోనికెళ్తే అంత బేగి తిరుగుతాదే. ఇంకేటీ లేదిందులో," అనేవాడు.

ఆ గాలి దారుల్ని చేత్తో అరగదీసి నున్నగా చెయ్యడానికే నాలుగు నెలలు పట్టింది. వాల్వుల బరువు తగ్గించింది నేనే. నా వేళ్లు సన్నమని వాల్వుల సందులు సరిచూసే పని కూడా నాకే అప్పగించాడు. పాత బైకుల కార్బొరేటర్లు నాలుగు, సిలిండరుకొకటి చొప్పున పెట్టాడు. వాటి ముందు గాలి పీల్చుకోడానికి అల్యూమినియంతో నాలుగు బాకాలు లేతు మీద తీశాను. ఒక్కోటి నాలుగున్నర అంగుళాల పొడవు. పెళ్లి బాజాల్లో బాకా మూతి ఎలా విచ్చుకుంటుందో అలా ఉండేవి.

మొదటిసారి ఇంజన్ చుట్లు పూర్తిగా పైకి తీసింది ఒక మధ్యాహ్నం. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆరువేల వరకూ మామూలు ఇంజన్ మోతే. ఏడువేల దగ్గరికి వచ్చేసరికి ఆ మోత లోపల ఇంకొకటి వినిపించింది. నీళ్ల అవతల నుంచి ఒక మగమనిషి నోటి దగ్గర చేతులు పెట్టుకుని పిలుస్తున్నట్టు. అన్నయ్య స్విచ్చి ఆపేశాడు. ఇంజన్ ఆగింది, ఫ్లైవీలు నా కళ్ల ముందే ఆగింది. పిలుపు మాత్రం ఒక ఊపిరి తీసుకునేంత సేపు ఉండి, అప్పుడు పోయింది.

"అన్నయ్యా, ఇంకా ఏదో వినబడిందేటి?"

"రేకులే అదురుతాయి," అన్నాడు తలెత్తకుండా.

మర్నాడు ఇంజన్ మీద రేకులు విప్పించి మళ్లీ పైకి తీశాం. అలాగే వినబడింది. అన్నయ్యకు మాత్రం ఏమీ వినబడలేదు. నాకు చెవిలో హోరు పట్టిందేమోనని చెవిలో నూనె వేయించుకున్నాను.

ఆ తర్వాతి బుధవారం చేపలమ్మే ఆవిడ వచ్చింది. సముద్రం ఒడ్డు ఊరు ఆవిడది. బుధ, ఆదివారాలు గంప పట్టుకుని అడ్డరోడ్డులో బస్సెక్కి కోటవురట్ల మీదుగా మా ఊరు వచ్చేది. నలభై అయిదేళ్లుంటాయి. నేను అక్కను పిలిచినట్టు అప్పా అని పిలిచేదాన్ని. గంప దించి చేపల మీద గుడ్డ తీస్తుండగా వెనక అన్నయ్య ఇంజన్ పైకి తీశాడు. ఆవిడ చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. నేల మీద కూలబడింది.

"ఏటప్పా, కళ్లు తిరిగాయా?"

"అదేటమ్మా?"

"ఇంజన్."

"ఇంజనైతే ఇంజనే. దాని లోపల ఉన్న మనిసి ఎవుడు?"

నాకొక్కదానికే కాదని తెలిసి ముందు ప్రాణం లేచివచ్చింది. ఆ వెంటనే భయం పట్టుకుంది.

ఆ రోజు గంపలో చేపలు అమ్మకుండానే కూర్చుని చెప్పింది. పెళ్లయిన మూడేళ్లకు మొగుడు మరో ఇద్దరితో చేపల వేటకు వెళ్లాడు. పట్టపగలు, మబ్బు లేదు, ఉన్నట్టుండి గాలి లేచింది. అలల తుంపరలో పడవ కనబడలేదు గానీ అతను పిలిచిన పిలుపు ఒడ్డున నిలబడ్డ ఆడవాళ్లందరికీ వినబడింది. తక్కిన ఇద్దరి శవాలూ కొట్టుకొచ్చాయి. అతను రాలేదు. రెండేళ్లు చూసి, పెద్దలు ఆవిణ్ణి అతని తమ్ముడికిచ్చి మారుమనువు చేశారు.

"మంచోడమ్మా. ఒక్కనాడూ నన్ను మాటన్లేదు. పిల్లలిద్దరు," అంది. గంప మీద గుడ్డ కప్పేసి, "ఇంకొక్కపాలి వాయించమనమ్మా," అంది.

అలా మొదలైంది. వచ్చినప్పుడల్లా అడిగేది. ఇంజన్ వినడానికి ఒక మనిషి వస్తోందని అన్నయ్యకు సంబరం. స్టూలు వేసి కూర్చోబెట్టేవాడు. మోత ఆగాక ఆవిడ నాకు మాత్రమే వినబడేలా చెప్పేది. మొదటి వారం, "అలల కవతలున్నాడు," అంది. తర్వాత, "పెద్ద అల దాటీసినాడు." నెల తిరిగేసరికి, "మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డాడమ్మా."

నేను నమ్మలేదనే అనుకునేదాన్ని. కానీ ఇంజన్ ఆగాక మిగిలే ఆ పిలుపును నా చేతి గడియారంతో కొలవడం మొదలుపెట్టాను. మొదట రెండు సెకన్లు. తర్వాత అయిదు. పదకొండు వచ్చిన రోజున కొలవడం మానేశాను. అది ఇప్పుడు ఉత్త కేకలా లేదు, ఏదో మాటలా ఉంది. నాకు అందలేదు. "ఏమంటున్నాడప్పా?" అని అడిగితే, "నా పేరే," అంది.

ఆ వారంలోనే బాకాలు తుడుస్తుంటే వాటి లోపల తెల్లటి పొడి కనబడింది. అల్యూమినియం తుప్పు పట్టిందన్నాడు అన్నయ్య. అతను అటు తిరిగాక వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పు.

తర్వాతి ఆదివారం ఆవిడ ఇంజన్ దగ్గరికి రాలేదు. షెడ్డు బయటే నిలబడి నన్ను పిలిచింది.

"అమ్మా, ఆ బాబుకి సెప్పు, ఆపీమని సెప్పు. ఒడ్డెక్కీసినాడు. ఇంకొక్కపాలి వాయించితే ఇంటికొచ్చీస్తాడు. ఇంటికాడ తమ్ముడున్నాడు, పిల్లలున్నారు. నానేటి సెప్పాల?"

లోపలికెళ్లి అన్నయ్యతో చెప్పాను. అతను నవ్వలేదు, కసురుకోలేదు. "వచ్చే వారం దీన్ని కారులో ఎక్కించాలే. ఇప్పుడాపితే కార్బొరేటర్లలో పెట్రోలు జెట్లు ఎలా కుదురుతాయి?" అన్నాడు.

మర్నాడు అతను గాస్కెట్ల కోసం అనకాపల్లి వెళ్లాడు. నేను నాలుగు బాకాలూ విప్పి లేతుకు బిగించి, ఒక్కోదానికి అంగుళం కోసేశాను. గాలి నడిచే దారి పొడవు మారితే మోత మారుతుందని అన్నయ్యే నాకు నేర్పాడు. ఆవిడ కోసమే చేస్తున్నాననుకున్నాను. నిజానికి, ఆ గొంతు పలికే మాట నాకు కూడా అందేస్తుందేమోనని భయపడ్డాను.

సాయంత్రం అన్నయ్య వచ్చి స్టార్టు చేశాడు. మధ్యలో కాస్త నీరసించినా, ఎనిమిదివేలు దాటి సునాయాసంగా లేచింది. ఆపితే ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఆయిలు చుక్కలు రేకు మీద పడటం వినబడింది.

"కోసీసినావేటే?" అన్నాడు బాకాలు చూసి.

"పైన బాగా లాగుతుందని."

ఒక బాకా అంచును వేలితో తడిమాడు. "లాగింది," అన్నాడు.

బుధవారం ఆవిడ బస్సు దిగి వస్తుంటే ఇంజన్ మోగుతోంది. దాదాపు పరుగున షెడ్డు వెనక్కి వచ్చింది. "ఇంకా పైకి తియ్యి బాబూ," అంది. తీశాడు. ఆగాక కూడా మెడ పక్కకు వంచి అలాగే నిలబడింది.

"ఏడమ్మా?"

"ఇక రాడప్పా. నువ్వు ఆపమన్నావు కదా, బాకాలు కోసేశాను."

"ఆపమన్నానమ్మా. పంపీమన్నానా?"

గొంతులో కోపం లేదు. అదే నాకు కష్టంగా ఉంది. గంప ఎత్తుకుని వెళ్లిపోయింది. మళ్లీ మా వీధికి రాలేదు.

అన్నయ్యకు ఏదో సాకు చెప్పి నాలుగున్నర అంగుళాలతో కొత్త బాకాలు తీశాను. వెంట్రుకవాసి తేడా లేకుండా. అవి పెట్టి ఏడువేల దగ్గర ఎంతసేపు ఉంచినా ఇంజన్ మోత తప్ప మరేమీ వినబడలేదు. ఆ ఇంజన్ కారెక్కి రెండేళ్లు లంబసింగి ఘాట్లో తిరిగింది. తర్వాత కారుతో సహా ఎవరో కొనుక్కుపోయారు.

రెండువేల సంవత్సరం దాటాక ఒక వేసవిలో ఆవిడ ఊరు వెతుక్కుంటూ వెళ్లాను. ఏం చెప్పాలో తెలియకుండానే వెళ్లాను. ఆవిడ ఏమీ అడగకుండా కాళ్లకు నీళ్లిచ్చి, చాప వేసింది. మారుమనువాడిన మొగుడు వల పక్కన పెట్టి లోపలికి వచ్చాడు. నెరిసిన మీసం, నెమ్మదస్తుడు. అన్నాలు తింటున్నాం. నేను మా ఊరి విషయాలేవో చెబుతుంటే, ఆవిడ నోటి దగ్గరికి తీసుకెళ్లిన ముద్ద ఆపేసింది. కళ్లు గుమ్మం వైపు ఉన్నాయి. బయట ఎండ, ఇసుక, ఎవరూ లేరు.

"మాటాడకండమ్మా," అన్నాడతను మెల్లిగా. "అయిపోద్ది."

ముగ్గురం కదలకుండా కూర్చున్నాం. కొంతసేపటికి ఆవిడ ముద్ద నోట్లో పెట్టుకుంది.

"ఏటన్నాడు అన్న?" అని అడిగాడు అతను, పొరుగూరి కబురు అడిగినట్టు.

"ఏటీ లేదు. ఇంకా దూరంగానే ఉన్నాడు," అంది ఆవిడ. నా వైపు తిరిగి, "పులుసేసుకోమ్మా, సల్లారిపోతాది," అంది.

వేసుకున్నాను. అతను కూడా వేసుకున్నాడు. నాలుగు గంటల బస్సుకు ఇద్దరూ రోడ్డు దాకా వచ్చి నన్ను ఎక్కించారు.