గంటక్క సీటు కొలత

ఆ రోజు పెద్దసారు గంటక్క అర్జీని అందరి ముందూ పైకి చదివాడు.

మా టపా ఆఫీసులో పొద్దున ఏడున్నరకు, సంచులు విప్పకముందు, అందరం పొడవాటి బల్లల చుట్టూ నిలబడతాం. పద్నాలుగు మందిమి. పెద్దసారు ఆ వేళకు వచ్చి, నిన్న ఎవరు ఆలస్యమయ్యారో, ఏ వీధి నుంచి ఫిర్యాదు వచ్చిందో చెప్పి వెళ్తాడు. ఆ రోజు మాత్రం జేబులోంచి మడత కాగితం తీశాడు.

"అయ్యా, నా సైకిల్ సీటు మీద కూర్చోలేకపోతున్నాను. కూర్చునేచోట పుండ్లు పడుతున్నాయి. కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. వేరే సీటు ఇప్పించగలరని ప్రార్థన."

చదివి, కళ్ళజోడు పైనుంచి ఆమెను చూశాడు. "కూర్చునేచోటు అంటే ఎక్కడో వివరంగా రాయలేదేమమ్మా? డాక్టర్ని పిలిపించాలా, వడ్రంగినా?"

గది గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వొచ్చి కాదు. ఆయన నవ్వించినప్పుడు నవ్వనివాణ్ణి ఆయన గుర్తుపెట్టుకుంటాడు. నవ్వినవాళ్ళలో సగంమంది అందుకే నవ్వి ఉంటారు. అంతమాత్రాన నా నవ్వు తేలికైపోదు.

అర్జీ రాసిన మనిషి నా పక్కనే ఉంది. ఉత్తరాల కట్టకు రబ్బరు బ్యాండు వేస్తోంది. రోజూ రెండు చుట్లు వేసేది, ఆ రోజు నాలుగు వేసింది. తల ఎత్తలేదు.

"సైకిల్ తొక్కకుండా నడిపించుకుంటూ తిరుగుతున్నావని, ఉత్తరాలు మధ్యాహ్నం దాటాక అందుతున్నాయని రెండు ఫిర్యాదులు" అన్నాడు పెద్దసారు. "ఒకటో తారీఖున నీ బీటు, నీ వీధులన్నీ మొత్తం తొక్కి పదకొండున్నరకల్లా ఇక్కడుండు. ఎక్కడా నడిపించకూడదు. లేదంటే ముద్రల గదికి పో. అక్కడ కూర్చోనక్కర్లేదు, నిలబడే పని."

ముద్రల గది మా ఆఫీసు వెనక ఉంది. ఒకప్పుడు సామాన్ల కొట్టు. కిటికీ లేదు. అందులో ముద్రలు కొట్టేవాళ్ళు మధ్యాహ్నం బయటికొచ్చి కళ్ళు చికిలించుకుంటారు.

ఆమెను అందరూ గంటక్క అంటారు. ఏ తలుపు ముందైనా సైకిల్ గంట రెండుసార్లు కొడుతుంది, ఒకసారి కాదు, మూడుసార్లు కాదు. ఆ గంట వింటే ఉత్తరం ఎదురుచూసేవాళ్ళు మెట్లు దిగుతారు, ఎదురుచూడనివాళ్ళు కూడా దిగుతారు. ఇరవై ఒక్క ఏళ్ళుగా అవే వీధులు. ఉద్యోగం వచ్చేనాటికి ఆమెకు సైకిల్ తొక్కడం రాదు. పాతికేళ్ళ వయసులో నేర్చుకుంది. మొగుడు వెనకనుంచి పట్టుకుని పరుగెత్తేవాడట. ఎప్పుడో చేయి వదిలేశాడని ఆమెకు తెలియలేదట. తెలిశాక పడిపోయిందట.

నేను ఉత్తరాలు విడదీసే గుమాస్తాని. ఆ పని నాకు ఇష్టం లేదు, ఆ ఊరూ ఇష్టం లేదు. ఆ రోజు టీ వేళకు ఆమె దగ్గరికి వెళ్ళాను.

"అక్కా, పొద్దున నేను కూడా..."

"చూశానులే. నీ పళ్ళు బాగున్నాయి."

అంతకంటే తిట్టినా బాగుండేది. ఏం చెప్పాలో తోచక నాకు తెలిసిన ఒకే ఒక్క సంగతి చెప్పాను. పాత పుస్తకాల దుకాణంలో అట్ట ఊడిపోయిన శరీరశాస్త్రం పుస్తకం కొన్నాను. అందులో ఉంది: మనిషి కూర్చునేది కండ మీద కాదు, కింద ఉండే రెండు ఎముకల మీద. ఆ రెండింటి మధ్య దూరం అందరికీ ఒకటి కాదు. ఆడవాళ్ళకు సాధారణంగా కాస్త ఎక్కువ. ఆ ఎముకల కింద సీటు లేకపోతే బరువంతా మెత్తటిచోట పడుతుంది.

ఆమె టీ గ్లాసు దించింది. "ఇన్నేళ్ళలో ఈ ముక్క నాకెవరూ చెప్పలేదే. సాయంత్రం ఇంటికి రా. మీ బావగారికి చెప్పు. ఆయన మెత్తల మీద మెత్తలు కుట్టి నన్ను చంపుతున్నాడు."

బావగారు దర్జీ. ఇంటి ముందుగదే దుకాణం. మిషను, ఇస్త్రీ బల్ల, గోడకు మేకులు. ఒక మేకుకు ఐదు సైకిల్ సీటు మెత్తలు వేలాడుతున్నాయి. మొదటిది పలచటి గుడ్డది. తర్వాతవి ఒకదాన్ని మించి ఒకటి లావు. ఐదోది ముఖమల్‌ది, చుట్టూ పైపింగు పట్టీ కూడా వేశాడు. పెళ్ళాం నొప్పి అన్నప్పుడల్లా ఆయన ఒక మెత్త కుట్టాడు. ఆయనకు వచ్చిన ప్రేమ అది.

"ఇంకో అంగుళం స్పాంజి పడాలి బాబూ" అన్నాడు నన్ను చూడగానే. "రేపటికల్లా ఇస్తా."

నేను ముఖమల్ మెత్త తీసుకుని రెండు వేళ్ళు దూరదూరంగా పెట్టి గట్టిగా నొక్కాను. వేళ్ళు దిగిపోయాయి. నడిమి స్పాంజి పైకి ఉబ్బింది. "ఈ వేళ్ళే ఎముకలనుకోండి బావగారూ. ఉబ్బింది చూశారా, అదే అక్కకు ఒత్తుకునేది. ఎంత లావు వేస్తే అంత ఉబ్బుతుంది."

ఆయన మెత్తను చేతిలోకి తీసుకుని తనూ నొక్కి చూశాడు.

"ఏమయ్యా" అంది గంటక్క, గుమ్మానికి ఆనుకుని. "కొలత తీయకుండా ఎవరికైనా చొక్కా కుట్టావా ఎప్పుడన్నా?"

"నన్నేమనుకున్నావే? పాతికేళ్ళనుంచి వచ్చేవాడికైనా టేపు పెట్టకుండా కత్తెర పట్టను."

"మరి నాకు ఐదెలా కుట్టావు?"

"నీ కొలత నాకు తెలుసుగా!"

"నడుము కొలత తెలుసు."

బావగారు టేపు మెడలోంచి తీసి చేతికి చుట్టుకున్నాడు, విప్పాడు, మళ్ళీ చుట్టుకున్నాడు. తర్వాత ఇంట్లో ఉన్న పార్సిల్ పెట్టె ఒకటి చింపి, లోపల గాడులున్న మందపాటి అట్టను చెక్క స్టూలు మీద పరిచాడు. నేను పుస్తకంలో చదివినదాన్ని బట్టి చెప్పాను, గట్టిచోట అట్ట వేసి, ముందుకు కాస్త వంగి, కాళ్ళు పైకెత్తి కూర్చుంటే ఎముకలు అట్టలో గుంటలు చేస్తాయని.

"నువ్వు గోడవైపు తిరుగు" అంది అక్క నాతో.

తిరిగాను. గోడకు క్యాలెండరు ఉంది. ఒకటో తారీఖుకు పదమూడు రోజులు. వెనక స్టూలు కిర్రుమంది. "కాళ్ళెత్తు. ఇంకా. పడతావే, నా భుజం పట్టుకో" అంటున్నాడు బావగారు. ఆమె నవ్వుతోంది. అర్జీ చదివిన తర్వాత ఆమె నవ్వు వినడం అదే మొదలు.

అట్ట మీద గుంటలు కంటికి సరిగ్గా ఆనలేదు. బావగారు గుడ్డ మీద గీతలు గీసే సుద్దబిళ్ళను అడ్డంగా పడుకోబెట్టి అట్టంతా రుద్దాడు. రంగు అంటనిచోట రెండు గుండ్రటి మచ్చలు తేలాయి. టేపు పెట్టాడు. మచ్చ నడిమి నుంచి మచ్చ నడిమికి ఐదుంపావు అంగుళాలు. చొక్కాల కొలతలు రాసే పుస్తకంలో పెళ్ళాం కొలతగా రాసుకున్నాడు.

మర్నాడు సాయంత్రం ముగ్గురం పంక్చర్ల తాత దగ్గరికి వెళ్ళాం. ఆఫీసు దగ్గరి మలుపులో సైకిళ్ళు బాగుచేసే ముసలాయన ఆయన. ఆయన పానాతో ఆఫీసువాళ్ళిచ్చిన సీటు విప్పి ఇస్తే బావగారు కొలిచాడు. వెనక భాగం మొత్తం వెడల్పు ఐదున్నర, అందులోనూ రెండు పక్కలా కిందికి వాలు.

"అంటే ఎముకలు రెండూ అంచు మీద జారుతున్నాయి" అన్నాను.

తాత గంటక్కను ఎగాదిగా చూశాడు. "ఇరవయ్యేళ్ళు వేలాడుతూ తొక్కావటే అమ్మాయ్! సర్కసులో చేరాల్సినదానివి."

"నువ్వయినా చెప్పొచ్చుగా తాతా. ఎన్నిసార్లు గాలి కొట్టావు దీనికి!"

"నువ్వు టైరు చూడమన్నావు, టైరు చూశా."

ఆయన ఓ గోనెసంచి గుమ్మరించాడు. పాత సీట్లు పదో పన్నెండో. పిల్లి పంజాలు గీరినవి, ఎలుకలు కొరికినవి. ఒక్కొక్కటే బిగించాడు, ఆమె వీధి చివరిదాకా తొక్కి వచ్చింది. స్ప్రింగులున్న పెద్దసీటు చూడగానే బావగారి ముఖం వెలిగింది. రెండు చుట్లు తిరిగేసరికి అది తొడలకు ఒరుసుకుంది. వెడల్పు ఎక్కువైనా కుదరదని అప్పుడు తెలిసింది. ఆరోది రొట్టెలమ్మే మనిషి పాత బండిది, తోలుసీటు. ఏడు అంగుళాలు, వెనక చదును.

బావగారు వేళ్ళతో కొట్టి చూశాడు. "ఇదేంటి తాతా, తలుపులా ఉంది! తడితే లోపల్నించి ఎవరో పలికేట్టున్నారు."

ఆమె ఎక్కింది. వీధి చివరిదాకా వెళ్ళింది, అక్కడితో ఆగలేదు. మలుపు తిరిగి కనబడకుండా పోయింది. బావగారు నాలుగడుగులు పరుగెత్తి ఆగిపోయాడు. కాసేపటికి రెండోవైపు నుంచి వచ్చింది.

"నొప్పి ఉంది" అంది దిగి. "కానీ వేరే చోట."

"ఎముకల దగ్గరేనా?" అన్నాడు తాత.

"ఆఁ."

"అక్కడే ఉండాలి! వారం పది రోజుల్లో సర్దుకుంటుంది." ఆయన తనే సీటు తయారుచేసినంత సంబరపడ్డాడు. ఎత్తు ఒక వేలెడు దించాడు. సగం నీళ్ళున్న సీసా సీటు మీద పడుకోబెట్టి, ముందు ముక్కు పైకీ కిందికీ లేకుండా సమం చేశాడు.

మొదటి వారం నాకు నమ్మకం చాలలేదు. రెండుసార్లు ఎత్తువీధిలో ఆమె సైకిల్ నడిపించుకుంటూ పోవడం చూశాను. నా పుస్తకం పాతది, అచ్చు తప్పులది. దాన్ని నమ్మి ఆమెను ముంచానేమో అనిపించింది. రెండో వారంలో పుండ్లు ఎండాయి. కాళ్ళ తిమ్మిరి పోయిందని ఆమె చెప్పలేదు, టీ దగ్గర నిలబడకుండా బల్ల మీద కూర్చుంది. అప్పుడు తెలిసింది.

ఒకటో తారీఖున పెద్దసారు తన మనిషినొకణ్ణి స్కూటరు మీద ఆమె వెనక పంపాడు. నేను ఆ రోజు విడదీసిన ఉత్తరాలలో సగం తప్పు గూళ్ళలో వేశాను. పదకొండు దాటింది. పావు దాటింది. పెద్దసారు బయటికొచ్చి వాకిట్లో గడియారం కింద నిలబడ్డాడు. పదకొండూ ఇరవై రెండుకు గేటు దగ్గర గంట రెండుసార్లు మోగింది. సీటు దిగకుండా వాకిలి మధ్యదాకా తొక్కుకుంటూ వచ్చింది. స్కూటరువాడు రెండు నిమిషాల తర్వాత వచ్చాడు. ఎత్తువీధిలో బండి ఆగిపోయిందట.

"ఎక్కడైనా నడిపించిందా?" అడిగాడు పెద్దసారు.

"నేనే నడిపించానండీ" అన్నాడు వాడు.

గంటక్క సంచిలోంచి పాత సీటు తీసి పెద్దసారు చేతిలో పెట్టింది. "ఆఫీసు సీటు సార్. అప్పజెబుతున్నా. ఎందుకు పనికిరాలేదో వివరంగా రాసివ్వమంటారా?"

ఈసారి ఎవరూ పైకి నవ్వలేదు, కానీ బల్లల దగ్గర చాలా దగ్గులు వినబడ్డాయి. పెద్దసారు "సరే, బీటు నీదే" అని లోపలికి పోయాడు. తప్పయిందని అనలేదు. అనే మనిషైతే ఆ కాగితం పైకి చదివేవాడే కాదు. కానీ వారం తిరగకుండా, ఆనాడు అందరికంటే గట్టిగా నవ్విన బీటు మనిషి చంకలో అట్టముక్క పెట్టుకుని బావగారి దుకాణానికి వెళ్ళాడు. తర్వాత ఇంకో ముగ్గురు. బావగారు వాళ్ళ కొలతలు కూడా అదే పుస్తకంలో రాస్తున్నాడు.

నేను ఆ ఉద్యోగం వదిలేశాను. వేరే ఊళ్ళో అచ్చుకూటంలో తప్పులు దిద్దే పని దొరికింది. ఊరు వదిలే రోజు పెట్టె పట్టుకుని బస్సుకు నడుస్తుంటే ఎత్తువీధిలో వెనకనుంచి సైకిల్ గంట రెండుసార్లు వినబడింది. ఆమె ఒక కాలు నేల మీద ఆనించి ఆగింది. ఎక్కడికని అడిగితే చెప్పాను. ఆ పనైనా నాకు పడుతుందో లేదోనన్నాను.

"వెళ్ళి కూర్చుని చూడు తమ్ముడూ. నాలుగు రోజులు నొప్పెడితే పర్లేదు, కొత్తది కదా. ఆ తర్వాత కూడా నొప్పెడితే మాత్రం, ఎవరు నవ్వినా సరే, నొప్పని చెప్పు. నాలాగా ఇరవయ్యేళ్ళు ఆగకు. సరే, ఇక పక్కకు జరుగు, పై ఇంటి ముసలాయన గంట విని అప్పుడే మెట్లు దిగుతుంటాడు!"