రుక్మిణి అక్క సందుగ

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. మా నాన్న రాయికోడ్‌లో బడిపంతులు. చీకట్లో పామని ఎవరైనా అరిస్తే, దీపం తెచ్చి అది తాడేనని చూపించేదాకా నిద్రపోనిచ్చేవాడు కాదు. ఆ ఇంట్లో పెరిగినదాన్ని కనుకే ఇది రాయడానికి ఇన్నేళ్లు వెనకాడాను.

డెబ్బైల చివర్లో నాకు జహీరాబాద్‌లో రెండో సంబంధం చేశారు. మా ఆయన మొదటి భార్య రుక్మిణి జబ్బుచేసి పోయింది. ఆమె కూతురు శారదకు ఐదేళ్లు. మా అత్తకు రెండు కళ్లలోనూ శుక్లాలు. ఇంటికో ఆడమనిషి కావాలి, అదీ సంగతి.

రుక్మిణి పుట్టిల్లు బీదర్ వైపు. కాపురానికి వస్తూ టేకు సందుగ తెచ్చుకుంది. సందుగంటే మోకాలెత్తు చెక్కపెట్టె. ముందువైపు చిలకలు చెక్కి, మూత నిండా ఇత్తడి పువ్వులు కొట్టారు. లోపల పట్టుచీరలకు చోటు, పక్కన కుంకుమబరిణెకూ గాజులకూ చిన్న అర. ఆమె ఉన్నప్పుడు దానిమీద బొంత పరిచి చుట్టాలను కూర్చోబెట్టేవారట. పోయాక ఎవరూ కూర్చోలేదు.

మా వైపు రెండో పెళ్లాం మెడలో మొదటామె పేరున సవతి పుస్తె ఉంటుంది. కొత్తచీర వస్తే ముందు ఆమెకు పెట్టాకే తాను కట్టుకోవాలి. మా ఇంట్లోనైతే ఆ చీరను రాత్రికి సందుగలో ఉంచి, పొద్దున “అక్కా, నాకియ్యి” అని అడిగి తీసుకోవాలి. అత్త మనసు నొప్పించడం దేనికని నేనూ అడిగేదాన్ని. నిజం చెప్పొద్దూ, ఆ ఇంట్లో నా మాటకు ఎదురు చెప్పనిది ఆ సందుగ ఒక్కటే.

శారద నా చేతి ముద్ద తినేది కాదు. నన్ను ఏ వరసా పెట్టి పిలిచేది కాదు. ఏం కావాలన్నా నాయనమ్మతో చెప్పించేది. ఈ పిల్ల ఎప్పటికీ నాది కాదేమోనని వంటింట్లో ఒక్కదాన్నే ఏడ్చేదాన్ని.

ఆ దసరాకు శారదకు నేనే ఎర్ర పట్టులంగా కుట్టాను. పండుగ ఇంకా నాలుగు రోజులుందనగా, రాత్రి నా కొత్తచీరతోపాటు దాన్నీ సందుగలో పెట్టి తాళం వేశాను. తల్లి చేతి మీదుగా వస్తే పిల్ల కాదనదని నా ఆశ.

తెల్లవారేసరికి పిల్ల ఒళ్లు పెనంలా కాలిపోతోంది. మధ్యాహ్నానికి కళ్లు తేలేసింది. మా ఆయన డాక్టరు కోసం పరుగెత్తాడు. ఆ కంగారులో లంగా సంగతి అత్తతో అన్నాను.

ఆమె గుండెలు బాదుకుంది. “ఎంత పని చేసినవ్ పిల్లా! సచ్చినామె సందుగల బతికున్న పోరి బట్ట పెడ్తరా? పిల్లను తీస్కపొమ్మని నువ్వే అప్పజెప్పినట్టాయె!”

ఇవన్నీ ఉత్త మాటలని నాకు తెలుసు. అయినా కాళ్లు ఆగలేదు. వెనకగదిలోకి పోయి సందుగ ముందు కూలబడ్డాను. మూతకు చెంప ఆనించి, “అక్కా, చీరలన్నీ నువ్వే ఉంచుకో. పిల్లనొక్కదాన్ని నాకియ్యి” అని ఏడ్చాను. పుస్తెలతాడుకున్న ఒకే ఒక్క తాళంచెవి చేతిలోకి తీసుకునేలోపే అత్త కేకేసింది.

“నీళ్లడుగుతున్నది బిడ్డా, జల్ది రా!”

పరుగెత్తాను. శారద నా చేతి గ్లాసులోంచి నాలుగు గుక్కలు తాగింది. నుదుట చెమట పట్టింది. పిల్ల కాళ్లు ఒళ్లో పెట్టుకుని అత్త మంచం మీదే ఉంది. ఇంట్లో ఇంకెవరూ లేరు.

కాస్త కుదుటపడ్డాక మళ్లీ వెనకగదిలోకి వెళ్లాను. మూత మీద ఎర్ర లంగా మడతపెట్టి ఉంది. తాళం వేసినట్టే ఉంది. తీసి చూస్తే నా చీర పెట్టినచోటే ఉంది, దాని పక్కన ఖాళీ.

లంగా తెచ్చి అత్త చేతిలో పెట్టాను. ఆమె తడిమి తడిమి చూసి, “ఆమె వద్దన్నది బిడ్డా. పిల్లను నీకే ఇచ్చింది” అని ఏడ్చింది.

డాక్టరు వచ్చి సూది వేశాడు. జ్వరం తగ్గింది. తగ్గించింది ఆ సూదే, అందులో నాకు అనుమానం లేదు.

కంగారులో నువ్వే తీసిపెట్టి మరిచిపోయావని, తర్వాత సంగతి విన్న మా నాన్న అన్నాడు. కావచ్చుననే నేనూ అనుకోబోయాను. కానీ ఇత్తడి పువ్వులు ఒత్తుకుని నా చెంప మీద పడ్డ అచ్చు దీపాలవేళ దాకా ఉంది, మా ఆయన కూడా చూశాడు. నేను తల ఆనించినప్పుడు ఆ మూత మీద బట్ట లేదు.

దసరానాడు శారద ఆ లంగా వేసుకుని, నాడా రెండు కొసలూ పట్టుకుని వంటింటి గడపలో నిలబడింది. నాయనమ్మ దగ్గరికి పోలేదు.

“అమ్మా, జర కట్టు” అంది.

కడుతూ ఏడ్చేశాను. ఆ లంగా మూత మీదికి ఎలా వచ్చిందో నాకు ఈ రోజుకీ తెలియదు.