నేను చదవని పేరు

ఉప్పెన వచ్చిన మరుసటి నెల. చల్లపల్లి దిగువన కాలువలో కొట్టుకొచ్చిన టేకు తలుపొకటి నాకు దొరికింది. సామాన్లకు బీరువా నేనే చేసుకుందామని ఇంటికి తెచ్చుకున్నాను. దానిమీద మేకుతో గీసిన వంకర అక్షరాలేవో ఉంటే చిత్రిక పట్టి నున్నగా చేశాను.

బీరువా పూర్తయిన రోజే దివిసీమ నుంచి ఒకామె వెతుక్కుంటూ వచ్చింది.

"అన్నయ్యగారూ, మీకో తలుపు దొరికిందటగా? మా పాప దానిమీద మేకుతో తన పేరు రాసుకుందండీ. పిల్ల ఉప్పెనలో పోయింది. తలుపు మీరే ఉంచుకోండి. ఆ రాత ఒక్కసారి తడిమి చూసుకుంటాను" అంది.

"నాకేం దొరకలేదమ్మా" అనేశాను.

చిత్రిక పొట్టులో నిలబడే ఆమె నాకు దండం పెట్టి వెళ్లిపోయింది.

బీరువా ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. ఆ పాప పేరేమిటో, చెరిపేముందు నేను చదవనైనా లేదు.