మంచం కింది రైలు దారి

మొన్న దుకాణంలో బేరమాడుతూ ఒక చద్దరు విప్పితే, అంచు చుట్టూ చిన్నప్పుడు నేను గీసిన రైలు పట్టాలు! బేరం ఆపి ఆ పట్టాల వెంట వేలు నడిపాను. అదీ బేరమే అనుకుని దుకాణదారు తనే ధర తగ్గించాడు.

షోలాపూరు కుంఠా నాకాలో మాకున్నది ఒకటే గది. మంచం కింది జాగా నాదని అమ్మను ఒప్పించుకున్నాను. నా రేకు రైలుకు అక్కడ పట్టాలు ఎలా పట్టించాలో గళ్ల కాగితం మీద గీశాను. కాగితం ఇచ్చింది చద్దర్లకు డిజైన్లు వేసే మా కాకా, నాన్న తమ్ముడు. మంచం కోళ్ల చుట్టూ మలుపులు, ట్రంకుపెట్టె పక్కన స్టేషను.

"మిస్త్రీతోని ఇనుప పట్టాలు చేపిస్త. ఆ కాగితం ఇయ్యి బేటా," అన్నాడు కాకా.

"వంతెన గూడ కావాలె. లేకుంటే ఇయ్య."

"సరే తియ్."

నెల తర్వాత నాన్న దుకాణంలో కొత్త చద్దర్లు దిగాయి. అంచుల్లో నా పట్టాలు, నా స్టేషను, వంతెనతో సహా.

"గిదేంది కాకా? గుడ్డ మీద రైలెట్ల నడుస్తది?"

"మంచం కింద ఎవ్వరు జూస్తరే పిచ్చిదానా? ఇప్పుడు షోలాపూరంత కప్పుకుంటది!"

నాన్న కూడా నవ్వాడు.

చద్దరు కోసమని చెప్పి ఉంటే ఊరికే ఇచ్చేదాన్ని కదా అని ఇన్నేళ్లూ బాధపడ్డాను. అబద్ధం. నిజం చెప్పి ఉంటే ఆ కాగితాన్ని ఏ బేరానికీ వదిలేదాన్ని కాదు. ఆ సంగతి కాకాకు తెలుసు.