హాజరుకు చప్పట్లు

“ఇగ యాడ కనవడ్డా నన్ను పలకరియ్యకు ఆయమ్మా.”

“నువ్వెవలో నాకెరుకే లేదు. పో బిడ్డా.”

ఒకప్పుడు నా చేతికింద ఉన్న ఒక పిల్లా నేనూ చివరగా మాట్లాడుకున్నది ఇంతే. పోయిన ఏడాది, వరంగల్‌లో, ఒకప్పుడు ఆడపిల్లల సంస్కరణ బడి నడిచిన పాత బంగళా గేటు దగ్గర. కేసుల్లో పట్టుబడ్డ పిల్లలను, ఇల్లు విడిచి రైలెక్కిన పిల్లలను కోర్టు అక్కడికి పంపేది. అక్కడ వాచ్‌మన్‌గా ఉన్న మా ఆయన చనిపోయాక నన్ను ఆయాగా పెట్టుకున్నారు. బడి మూతపడేదాకా చేశాను.

ఆయా పనిలో పెద్దది కౌంటింగ్. అంటే పొద్దున, సాయంత్రం తలుపులో నిలబడి, పిల్లలందరూ ఉన్నారో లేదో చూసుకోవడం. కొత్తగా వచ్చిన పిల్ల అసలు పేరు చెప్పదు. అందుకని ఏ స్టేషన్‌లో దొరికితే ఆ ఊరి పేరుతోనే పిలిచేవాళ్లం. ఘన్‌పూర్, నెక్కొండ, అలా. కొందరు నెలల తరబడి నోరే విప్పరు కాబట్టి, పిలవగానే ఒక్కసారి చప్పట్లు కొట్టాలని రూలు. కొట్టకపోతే హాలు మొత్తానికీ అన్నం ఆగేది.

ఇప్పుడా హాల్లో ఆడవాళ్లకు కుట్టుపని నేర్పుతున్నారు. బడి చరిత్ర వెతుకుతున్న ఒక కాలేజీ మేడమ్ నన్ను అక్కడికి తీసుకుపోయింది. ఫోన్లో రికార్డింగ్ పెట్టి, కౌంటింగ్ ఎలా చేసేదాన్నో చేసి చూపించమంది. నేను తలుపులో నిలబడి పాత గొంతుతోనే పిలిచాను. ఘన్‌పూర్ అన్నాను. కుట్టు మిషన్లు ఆగాయి. నెక్కొండ అన్నాను.

మిషన్ల మధ్య నుంచి చప్పట్లు వినిపించాయి. ఒక్కసారే.

చూస్తే నా నెక్కొండే. మెడలో పుస్తెలతాడు, పక్కన అప్పుడే సద్ది తెచ్చి నిలబడ్డ అత్త. ఆ పిల్ల తన చేతుల వంక తానే బెదిరిపోయి చూసుకుంటోంది. తను ఈ బడిలో ఉండి వచ్చిందని అత్తింట్లో తెలియదని ఆ ముఖం చూస్తేనే అర్థమైంది. తెలిస్తే ఆ ఇంట్లో ఉండనిస్తారా? మేడమ్ ఫోను అటు తిప్పింది.

“పిలువంగనే చప్పట్లు కొట్టున్రని అందరికి చెప్పిన గదనే. ఈ ఒక్క పిల్లే యాదికి పెట్టుకున్నది,” అన్నాను.

నేనెవరికీ ఏమీ చెప్పలేదు. అత్త అప్పుడే వచ్చింది కాబట్టి నమ్మింది. “నా కోడలు ఒకలు చెప్పినట్టు ఇనుడు ఇయ్యాలనే చూస్తాన,” అంది. అందరూ నవ్వారు. నేను అబద్ధమాడానని ఆ ఆడవాళ్లందరికీ తెలుసు. ఎవరో ఒకరు కాదంటారనుకున్నాను. ఒక్కరూ అనలేదు. కానీ వాళ్లకేం అర్థమైందో, రేపు ఎవరి నోట ఏం వస్తుందో.

ఆ తర్వాతే ఆ పిల్ల గేటు దగ్గరకు వచ్చి, ఇక పలకరించొద్దని ఆ మాటన్నది. ఆమె పోయాక మేడమ్ నన్ను అడిగింది, ఆమె ఇక్కడి పిల్లేనా అని.

“బంగళా సంగతి ఎంతనన్న అడుగు బిడ్డా. ఆడివిల్లల సంగతి అడగకు,” అన్నాను.

మేడమ్ ఆ చప్పట్ల ముక్క తీసేశానని నా ముందే ఫోను నొక్కి చూపించింది. నాకు అక్షరాలు సరిగా రావు. తీసేసిందో, దాచుకుందో నాకెలా తెలుస్తుంది?

కొలువులో ఉన్నన్నాళ్లూ ఒక్క పిల్ల కనబడకపోతే గుండె జారేది. ఇప్పుడు కనబడితే జారుతోంది. ఆ పని నాకు నేర్పింది ఇదే.

సునీతా, నేను చెప్పంగ ఇదంతా రాస్తున్నదానివి, మా చెల్లె బిడ్డవు, నీకు దాచేదేముంది. నెక్కొండ నేను మార్చి చెప్పిన ఊరు. అసలు ఊరు ఎక్కడన్న నోరు జారిన్నో ఏమో. జర నువ్వు రాసింది మొదటి నుంచి సదివి వినిపియ్యి.