రాచర్లామె పేరు కోసం

మార్కాపురంలో మా వీధి లైబ్రరీలో 'మీ ఇంటి చరిత్ర మీరే రాయండి' అని నేను పెట్టిన తరగతికి వచ్చింది ఒక్కతే, డిగ్రీ చదివే మా మేనకోడలు భావన. అదీ వాళ్ళమ్మ తరిమితే. ఈ కాలం పిల్లలకు తాతముత్తాతల పేర్లు కూడా తెలియవని నా ప్రాణం తీసిన పెద్దలెవరూ తమ పిల్లల్ని పంపలేదు. సరే, భావన శ్రద్ధగానే వంశవృక్షం గీసి, మా జేజి, అంటే మా నాయన తల్లి దగ్గర ఆగిపోయింది. నాయన పసివాడిగా ఉండగానే ఆమె పోయింది. ఆయనకు 'అమ్మ' తప్ప వేరే పేరు తెలియదు.

"పేరు దొరక్కపోతే మానేస్తా మామా," అంది భావన. ఆమె మానేస్తే తరగతి మూసుకోవలసిందే. అందుకే ఆదివారం పొద్దున్నే మార్కాపురం రోడ్డు స్టేషన్లో బండెక్కాం.

కంభంలో బండి చాలాసేపు ఆగింది. ఎదురుగా కూర్చున్న గొర్రెల వ్యాపారి మా పని విని, "పోయినామె పేరుతో ఇప్పుడు పనేంది? పొలం ఏమన్నా తగువులో ఉందా?" అన్నాడు.

గిద్దలూరులో దిగి స్టేషన్ బయట ఉగ్గాని, బజ్జీ తిన్నాం. ఆలస్యంగా వెళ్తే దొరకవు. అక్కడినుంచి మా పెదనాయన, అంటే మా నాయనకు పెద్దనాన్న కొడుకు, ఇంటికి.

"మా చిన్నమ్మే గదా! అందరూ రాచర్లామె అనేవాళ్ళు."

"పేరు, పెదనాయనా?"

"అదే గదా చెప్పేది, రాచర్లామె!"

పైగా పిల్లలకు పెద్దల మీద ధ్యాస లేదని అరగంట ఉపన్యాసం. నాకు ఒళ్ళు మండింది.

రాచర్లకు ఆటో నిండితేగాని కదలదు. ఎండలో ముప్పావుగంట కూర్చున్నాం. పుట్టింటి ఊళ్ళోనైనా ఆమెకు పేరు ఉండదా అని నా ధీమా. ఊళ్ళో దిగగానే ఒక ముసలమ్మను అడిగితే, "గిద్దలూరుకిచ్చినామెనా!" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అక్కడ ఈ ఊరు, ఇక్కడ ఆ ఊరు. మనిషికి బస్సుకు పెట్టినట్టు బోర్డు పెట్టారు.

జేజి తోబుట్టువుల్లో మిగిలింది తమ్ముడొక్కడే. ఆయన కూతురు మాకు మజ్జిగ ఇచ్చింది. భావన తాత మంచం పక్కన కూర్చుని, అక్క పేరేమిటని అడిగింది.

"అక్కను పేరు పెట్టి పిలుస్తారా ఎవరన్నా? అక్కా అనేవాణ్ణి," అని కసిరాడు. కాసేపటికి ఆయన ముఖం చిన్నబోయింది. "పేరు ఉండిందమ్మా. నోటికి రావడంలా." పైపంచెతో కళ్ళొత్తుకున్నాడు. ఆయన కూతురి ఫోన్ నంబరు తీసుకుని లేచాం.

సాయంత్రం తిరుగు బండిలో పైకే తిట్టుకున్నాను. పిల్లలకు చరిత్ర పట్టదట! వీళ్ళు ఏం దాచారని పట్టడానికి? మీరెవరైనా ఇలాంటి పనికి బయల్దేరితే అన్నంతో పాటు ఓపిక కూడా మూటగట్టుకుని వెళ్ళండి.

భావన నా గొడవ వినడం లేదు. రాచర్లకు ఫోన్ చేసి, తాతకు ఇమ్మని, స్పీకర్ పెట్టింది.

"తాతా, చిన్నప్పుడు మీ అక్క ఆడుకుంటా పొద్దుబోయినా రాకపోతే, మీ అమ్మ ఎట్ల కేకేసేది?"

సిగ్నల్ పోయిందనుకున్నాను. ఇంతలో ఆ ముసలి గొంతు రైలు పెట్టె అంతా వినబడేలా లేచింది.

"సుంకులూ... ఓ సుంకులమ్మా! పొద్దుగూకింది, ఇంటికి రా!"

వెనక నుంచి ఆయన కూతురు కంగారుగా అడుగుతోంది.

"ఎవర్ని పిలుస్తన్నావు నాయనా?"

"మా అక్కను," అన్నాడు.