జున్ను పంపని వీధి

ఇన్నేళ్లూ ఈ మాటను లోపలే మోస్తూ వచ్చాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు నాది కొత్త ఉద్యోగం. తిరుపతిలో పశువైద్యం చదివి, పాలు పెంచే దాణా పొడిని పరీక్షించే పని మీద పలమనేరు దగ్గర ఒక పల్లెకు వెళ్లాను. ఎంత బాగుండేవో ఆ రోజులు. పొద్దున్నే మంచులో సైకిళ్ల మీద పాల క్యాన్లు వచ్చేవి. ఏ ఇంటికి వెళ్లినా చిక్కటి కాఫీ ఇచ్చేవారు, డాక్టరప్పా అని పిలిచేవారు. సాయంత్రం పాలకేంద్రం దగ్గర అందరినీ కూర్చోబెట్టి, దిష్టి గిష్టి ఏమీ లేవని ఉపన్యాసాలు దంచేవాడిని. వాళ్లు నవ్వుతూ వినేవారు.

ఆ కేంద్రానికి పాలు పోసే రాజమ్మక్క ఆవు అప్పుడు చూడితో ఉంది. ఆ పొడిని చూడి ఆవుల మీద ఎవరూ పరీక్షించలేదని నాకు తెలుసు. ఆ సంగతి ఆమెకు చెప్పకుండానే పెట్టమన్నాను. చెబితే వద్దంటుందన్న భయమా? లేక, ఊరికి మంచి చేస్తున్నాం కదా, మళ్లీ వీళ్లను అడిగేదేమిటన్న పొగరా? రెండూ అయ్యుంటాయి.

ఆ ఊళ్లో ఆవు ఈనితే జున్ను ముందు పక్కింటికి వెళ్లాలి. పక్కింటి మునెమ్మ ఒంటరి మనిషి. రోజూ వచ్చి ఆవు పొట్ట నిమిరి, "ఈసారి గిన్నె నిండా పంపాల" అని రాజమ్మక్కను ఆటపట్టించేది.

నెలలు నిండకుండానే ఆ ఆవు చచ్చిన దూడను వేసింది.

రాజమ్మక్క కొట్టంలో కూలబడి అడిగింది. "నువ్విచ్చిన పొడి వల్ల కాదు కదప్పా?"

"కాదక్కా. ఎవురి కన్నో పడుంటుంది."

ఆమె మునెమ్మ ఇంటి వైపు చూసింది. అప్పుడైనా నేను నోరు విప్పి ఉండవచ్చు. విప్పలేదు. ఆ రోజు నుంచి ఆ వీధిలో ఎవరూ మునెమ్మను తమ కొట్టం దగ్గరికి రానివ్వలేదు.

ఆ ఆవును పరీక్ష లెక్కల్లోంచి తీసేశాను. మరో ఊళ్లోనూ అలాగే జరిగాక, చూడి ఆవులకు పెట్టవద్దని సంచుల మీద రాయించాను. ఎందుకో మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆ పొడితో చాలా ఇళ్లలో పాలు పెరిగాయి, ఆ పాల మీద పిల్లలు చదువుకున్నారు, నాకూ పేరొచ్చింది. అది మంచి కాదా? మంచే. ఆ మంచి కోసం మునెమ్మ తన ఇరుగుపొరుగును పోగొట్టుకోవాలని ఎవరు నిర్ణయించారు? నేనే కదా.

మొన్న ఆ ఊరికి వెళ్లాను. రాజమ్మక్క పోయి చాలా కాలమైందట. మునెమ్మ ఉంది. నన్ను గుర్తుపట్టి కాఫీ ఇచ్చింది. పక్కింట్లో లేగదూడ అరుస్తుంటే, జున్ను వచ్చిందా అని అలవాటు కొద్దీ అడిగేశాను.

"నాకెవురు పంపుతారు నాయనా. నా కన్ను మంచిది కాదంట గదా. ఆ రుచే మర్చిపోయినాను."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. కాఫీ గటగటా తాగేసి బస్సెక్కాను. ఆమెకు చెప్పాల్సింది మీకు చెబుతున్నాను, ఇదీ పిరికితనమే. అయినా గుండె కాస్త తేలికపడుతోంది. ఆ తేలిక నాకు దక్కాల్సిందేనా అంటే, తెలియదు. ఒక్కసారి అననివ్వండి.

మునెమ్మ కన్ను కాదు. నా పొడి.